రెండు పియానోలు, ఒక ఆల్ క్లియర్

రత్నం టీచర్ గారి పియానోకి ఎర్ర రంగు వేస్తున్నారని అటెండరు అప్పన్న వచ్చి చెప్పినప్పుడు, నేను జనన ధ్రువీకరణ పత్రాల మీద ముద్రలు వేస్తున్నాను.

"ఎవరు వేస్తున్నారు?"

"మనోళ్ళే బావూ. ఫైరింజనుకి ఏసిన రంగు డబ్బాలో మిగిలిపోనాది. అది అట్టుకెళ్ళినారు."

"పియానోకి ఎర్ర రంగు ఎందుకయ్యా?"

"అది పియానో కాదట. సైరనట. విశ్వపతిగారు సెప్పినారు."

ముద్ర కాగితం మీద పడాల్సింది, నా బొటనవేలి మీద పడింది.

నా పేరు కిల్లి ఎలీషా. కళింగరేవు మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంటుని. ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. నాకు తొమ్మిదో ఏట నుంచీ పియానో నేర్పింది బల్లా సుగుణ రత్నం టీచర్ గారు. ఆవిడకిప్పుడు ఎనభై. ఊరు మొత్తానికి ఉన్న రెండు పియానోలూ మిషన్ స్కూలు హాల్లోనే ఉన్నాయి. రెంటికీ దుమ్ము దులిపే మనిషి ఇన్నేళ్ళుగా ఆవిడే.

యుద్ధకాలంలో ఒక ఏప్రిల్ సోమవారం మధ్యాహ్నం మా రేవు మీద విమానాలు బాంబులు వేసి పోయాయి. దానికి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయని మునిసిపాలిటీ ఉత్సవం తలపెట్టింది. ఉత్సవం అనకూడదు, సంస్మరణ అనాలి అని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ఆ సర్క్యులర్‌లోనే ఇంకో వాక్యం కూడా ఉంది: "సంస్మరణ కార్యక్రమములు నాటి పరిస్థితులకు యథాతథముగా ఉండవలెను." మా కష్టాలన్నీ ఆ ఒక్క వాక్యంలోంచే పుట్టాయి.

కమిషనర్ గారికి లేజర్ లైట్లంటే మోజు లేదు. పక్క ఊళ్ళో అప్పటికే పెట్టేశారు మరి. "మనది క్లాస్‌గా ఉండాలి" అన్నారాయన. మిషన్ స్కూల్లో రెండు పియానోల కోసం రాసిన సంగీతం ఒకటి ఉందని ఎవరో ఆయన చెవిన వేశారు. బాంబులు పడిన రోజున ఈ ఊళ్ళోనే ఉన్న సంగీతం సిస్టర్ ఒకావిడ, ఆ రోజంతా కళ్ళారా చూసి, తర్వాత రాసింది. అయిదు భాగాలు. రేవు, సైరన్, మంట, వెతుకులాట, ఎదురుచూపు. అయిదో భాగం మధ్యలోనే ఆగిపోతుంది. ఆ తర్వాత రెండు పేజీలు ఖాళీ గీతలు.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "సిస్టర్ పూర్తి చెయ్యలేదా టీచర్?"

"ఆ రోజే పూర్తి కాలేదు, ఆవిడెలా పూర్తి చేస్తుందిరా?" అని మూత వేసేశారు.

పూర్తి కాకపోవడానికి కారణం టీచర్ గారి నాన్న. బల్లా యోహాను, మునిసిపల్ సైరన్ ఆపరేటరు. రేవు గోపురం మీద నిలబడి సైరన్ మోగించాడు. ఊరంతా కందకాల్లోకి పరుగెత్తింది. ప్రమాదం తప్పాక ఆల్ క్లియర్ మోగించాల్సింది కూడా ఆయనే. ఆ లోపు బాంబు గోపురం మీదే పడింది. యోహాను చొక్కా గుండీ కూడా దొరకలేదు. మర్నాడు ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు తెరిచి రాశాడు: "ఆపరేటరు ఆల్ క్లియర్ ఇవ్వలేదు. విధులకు గైర్హాజరు."

అందుకని స్మారక శిల మీద పద్దెనిమిది పేర్లున్నాయి. పంతొమ్మిదోది లేదు.

అప్పటికి టీచర్ గారికి అయిదేళ్ళు. పెద్దయ్యాక ప్రతి ఏప్రిల్‌లోనూ అర్జీ పెట్టారు. ప్రతి అర్జీకీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వెళ్ళింది. వాటిలో పదకొండు జవాబులు నేనే టైపు చేశాను. ఆ పదకొండు సాయంత్రాలూ పాఠానికి వెళ్ళి, ఆవిడ మొహం చూడకుండా వాయించి వచ్చేశాను.

ఇప్పుడు పాత శిల తీసేసి నల్లరాతి శిల కొత్తది పెడుతున్నారు. పేర్లు పాతవే, పద్దెనిమిదే. ఈ శిల తెర తీశాక మళ్ళీ మార్చేది నూరేళ్ళ పండక్కే.

"అప్పటికి నాకు నూట అయిదురా," అన్నారు టీచర్ గారు. "వేళ్ళు వంగవు. అందరి ముందూ వాయించి, ఆ కమిషనర్ చేతికి అర్జీ ఇచ్చేస్తాను. ఇదే ఆఖరు."

అందుకే ఆవిడ ఒప్పుకున్నారు. ఇప్పుడేమో ఆవిడ పియానోకి ఎర్ర రంగు.

*

నేను కమిషనర్ గారి గదిలోకి వెళ్ళేసరికి సూపరింటెండెంట్ విశ్వపతి గారు నిలబడి ఫైలు చదువుతున్నారు. ఆయన ఎప్పుడూ నిలబడే చదువుతారు. ఫైలంటే ఆయనకి అంత గౌరవం.

"యుద్ధకాలపు వైమానిక దాడుల ముందుజాగ్రత్త ఉత్తర్వులు, సార్. నేటి వరకు రద్దు కాలేదు. రద్దు చేసినట్లు ఏ కాగితమూ దఖలు పడలేదు. కావున అమలులో ఉన్నవి."

"అయితే?"

"ఏడవ నియమం ప్రకారం, యాభై మందికి పైగా వినబడేలా మూడు పర్యాయములు హెచ్చి తగ్గు ధ్వనిని ఏ సాధనము వెలువరించినా అది సైరన్. ఈ సంగీతంలోని రెండవ భాగం మూడు పర్యాయములు హెచ్చి తగ్గుచున్నది. నేను స్వయంగా విన్నాను."

"ఎన్నిసార్లు విన్నారు?"

"మూడు పర్యాయములు, సార్."

నేను కలగజేసుకున్నాను. "సార్, అది పియానో. సైరన్ అంటే మర..."

"ఎలీషా గారూ, సాధనము అని ఉంది. మర అని లేదు."

కమిషనర్ గారు కుర్చీలో ముందుకి వంగారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "వండర్‌ఫుల్. యథాతథం అంటే ఇదే కదా. సైరన్ మోగితే ఏం చెయ్యాలి?"

"తొమ్మిదవ నియమం. ఆవరణలో ఉన్న ప్రతి ఒక్కరూ తక్షణమే బోర్లా పడుకొనవలెను. చెవులలో దూది. పళ్ళ మధ్య బిరడా. ఆల్ క్లియర్ ఇచ్చునంత వరకు లేవరాదు."

"నాలుగు వందల మంది గెస్టులు వస్తున్నారు."

"నాలుగు వందల బిరడాలకు ఇండెంటు సిద్ధం చేశాను, సార్."

"చెవుల్లో దూది పెట్టుకుంటే సంగీతం ఎలా వింటారు?" అన్నాను.

విశ్వపతి గారు నావైపు జాలిగా చూశారు. "వినవలెనని ఆహ్వానపత్రంలో లేదు. హాజరు కావలెనని ఉంది."

*

వారం రోజుల్లో హాలు హాలులా లేకుండా పోయింది. పియానోల మీద తెల్ల అక్షరాలు పడ్డాయి: సైరన్ నం. 1. సైరన్ నం. 2. వాటి చుట్టూ ఇసుక బకెట్లు వెలిశాయి. ఒక ఇంజనీరు వచ్చి, నంబరు రెండు సైరన్‌కి కాళ్ళు మూడే ఉన్నాయనీ, నాలుగోది ఎప్పుడు పోయిందో సంజాయిషీ ఇవ్వాలనీ రాసి వెళ్ళాడు.

"పుట్టినప్పట్నుంచీ మూడే బాబూ," అన్నారు టీచర్ గారు.

"ఆధారం ఉందామ్మా?"

బిరడాల కోసం అప్పన్న ఊరంతా తిరిగాడు. చివరికి హోమియో మందుల కొట్లో దొరికాయి. చిటికెన వేలి గోరంత ఉన్నాయి. రిహార్సల్ రోజున పారిశుధ్య విభాగం అధికారి ఒకదాన్ని మింగేశారు.

"మింగినట్టు రశీదు ఇయ్యమంతన్నారు విశ్వపతిగారు," అన్నాడు అప్పన్న. "స్టాకులో ఒకటి తగ్గిందట. ఈయన దగ్గరేమో చూపించడానికి ఏటీ లేదు. రేపటిదాకా ఆగమన్నాను."

ఈ వేడుకంతా నవ్వుకుంటూ గడిచిపోయేదే. కానీ గురువారం మధ్యాహ్నం విశ్వపతి గారు పాత సైరన్ రిజిస్టరు పట్టుకుని మళ్ళీ కమిషనర్ గారి గదిలోకి వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను అక్కడే ఉన్నాను.

"సార్, ఆఖరు నమోదు చూడండి. సైరన్ మోగిన వేళ, మధ్యాహ్నం ఒంటిగంట అయిదు. పక్క గడి, ఆల్ క్లియర్ ఇచ్చిన వేళ."

"ఖాళీగా ఉందే."

"అవును సార్. ఆల్ క్లియర్ ఇవ్వబడలేదు. కావున దాడి కొనసాగుచున్నది."

కమిషనర్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. బయట ఒకాయన చెరుకురసం తాగుతున్నాడు.

"ఆల్ క్లియర్ లేకుండా లేవరాదు కదా, సార్. ఈ డెబ్బై అయిదేళ్ళుగా మన ఉద్యోగులందరూ నియమవిరుద్ధంగా లేచి తిరుగుచున్నారు. లేవకూడని వారు లేచి చేసిన ఉత్తర్వు చెల్లదు. ఇంటి ప్లానులు, కుళాయి కనెక్షన్లు, పెళ్ళి రిజిస్ట్రేషన్లు..."

"అన్నీ?"

"అన్నీ చెల్లవు."

"విశ్వపతి గారూ, నేను పుట్టింది ఈ ఊరి మునిసిపల్ ఆస్పత్రిలోనే."

విశ్వపతి గారు తల దించుకున్నారు. "తమరి జనన ధ్రువీకరణ కూడా దాడి సమయంలోనే జారీ అయినది, సార్. తమరు జన్మించినట్లు ప్రస్తుతానికి దాఖలా లేదు."

ఆ మాటతో కమిషనర్ గారు కుర్చీలో కూర్చోవచ్చో లేదో తెలియక లేచి నిలబడ్డారు. నిలబడటం ఇంకా పెద్ద తప్పని గుర్తొచ్చి కూర్చున్నారు.

"దీనికి విరుగుడు?"

"ఒక్కటే. కార్యక్రమం చివర ఆల్ క్లియర్ ఇచ్చేస్తే గడి నిండిపోతుంది. చేసినవన్నీ వెనకటి తేదీ నుంచి సక్రమమవుతాయి. ఒకే స్వరం, ఎడతెగకుండా రెండు నిమిషాలు. ఇవ్వవలసింది సైరన్ ఆపరేటరు మాత్రమే. ఆయనకీ, ఆయన సహాయకులకీ మాత్రమే బోర్లా పడుకోవడం నుంచి మినహాయింపు."

"ఎవరున్నారు మనకి?"

ఇద్దరూ నావైపు చూశారు.

"యోహాను గైర్హాజరని నమోదైంది కనుక ఆ పోస్టు ఖాళీ," అన్నారు విశ్వపతి గారు. "ఎలీషా గారిని సైరన్ ఆపరేటరుగా నియమిస్తున్నాం. రత్నం గారు బయటి వ్యక్తి కనుక వారిని ఆపరేటరుకు సహాయకురాలిగా చూపిద్దాం."

*

సాయంత్రం టీచర్ గారి ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పాను. కమిషనర్ గారు పుట్టలేదన్న దగ్గర ఆవిడ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా ఉద్యోగం సంగతి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"అంటే నాన్న గైర్హాజరు అన్న ముక్క మీదే నీ ఉద్యోగం నిలబడిందన్నమాట."

పన్నెండో జవాబు కూడా నా చేతి మీదుగానే వెళ్తోంది.

"వద్దంటే మానేస్తాను టీచర్."

"మానెయ్యడం దేనికి?" కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఆ గుమాస్తా అది ఎప్పుడు రాశాడన్నావు?"

"మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి."

"కూర్చుని రాశాడా, పడుకుని రాశాడా?"

"అదేం ప్రశ్న టీచర్? బల్ల దగ్గర కూర్చునే రాసుంటాడు."

"సరే. రా, హాలుకెళ్ళి రెండో భాగం వాయిద్దాం. నీ ఎడం చెయ్యి లాగుతోంది," అన్నారు.

*

సంస్మరణ రోజున పదిన్నరకే హాలు నిండిపోయింది. ఇస్త్రీ బట్టల అధికారులు ముందు వరసల్లో, వాళ్ళ చేతుల్లో తలా ఒక కవరు. కవర్లో దూది ఉండలు రెండు, బిరడా ఒకటి. హాలు గుమ్మం ఎదురుగా, తెర కప్పిన నల్లరాయి. కమిషనర్ గారు మాట్లాడారు. విశ్వపతి గారు నియమాలు చదివారు. మేమిద్దరం ఎర్ర పియానోల ముందు కూర్చున్నాం.

మొదటి భాగం, రేవు, ప్రశాంతంగా గడిచింది. తర్వాత టీచర్ గారి ఎడం చెయ్యి కిందినుంచి లేచింది. నాది అందుకుంది. ధ్వని హెచ్చింది, తగ్గింది. హెచ్చింది, తగ్గింది. మూడోసారి తగ్గేసరికి నాలుగు వందల మంది ఒక్కసారిగా నేల మీద పడ్డారు.

అలాంటి చప్పుడు ఏ సంగీతంలోనూ రాయలేరు. కుర్చీలు దొర్లాయి. ఒకావిడ జడలో పూలదండ పక్కాయన బిరడాకి చిక్కుకుంది. కమిషనర్ గారు మొదటి వరసలో ఎర్ర తివాచీ మీద పడుకున్నారు. ఆయన పక్కనే, ఫైలు గుండె కింద పెట్టుకుని, విశ్వపతి గారు.

మేం వాయిస్తూనే ఉన్నాం. మంట. వెతుకులాట. ఏప్రిల్ ఉక్క. ఫ్యాన్లు కుర్చీల పైనే తిరుగుతున్నాయి, కిందికి గాలి రాదు. వెనక వరసల్లో ఎవరో గురక మొదలుపెట్టారు. అయిదో భాగం, ఎదురుచూపు, నడుస్తుంటే మధ్యలో ఒక అధికారి తల ఎత్తి చూశాడు. విశ్వపతి గారు పడుకునే వేలెత్తి బెదిరించారు.

ఎదురుచూపు ఆగిపోయే చోటికి వచ్చేశాం. ఆఖరి స్వరం పలికింది. తర్వాత ఖాళీ పేజీలు. ఇక ఆల్ క్లియర్ ఇవ్వడమే మిగిలింది. నేను చెయ్యి ఎత్తాను.

"ఆగరా," అన్నారు టీచర్ గారు.

ఆవిడ లేచి నెమ్మదిగా మైకు దగ్గరికి నడిచారు. మైకు ముందు దూది ఆగలేదు. అందరికీ వినిపించింది.

"విశ్వపతి గారూ, ఎలీషా ఎవరి దగ్గర చార్జి తీసుకున్నాడండీ?"

విశ్వపతి గారు బిరడా తీశారు. "పోస్టు ఖాళీ కదమ్మా. గైర్హాజరని నమోదైంది."

"ఆ నమోదు చేసిన గుమాస్తా లేచి కూర్చుని రాశాడు కదండీ? అప్పటికి ఆల్ క్లియర్ ఇవ్వలేదుగా."

వెనక వరసల్లో గురక ఆగింది.

నేల మీద విశ్వపతి గారి మొహం రంగులు మారడం నాకు స్పష్టంగా కనబడింది. ఆయన నియమం ఆయన్నే చుట్టుకుంది. తప్పించుకునే దారి ఉంటే ఆయనకే తెలియాలి. లేదని ఆయనకే తెలుసు.

"ఏమిటంటోంది?" అని కమిషనర్ గారు బిరడాతోనే అడిగారు.

"నమోదు చెల్లదు, సార్. యోహాను గైర్హాజరు కాలేదు. పోస్టు ఖాళీ కాలేదు. ఎలీషా గారి నియామకం చెల్లదు."

"అయితే ఆల్ క్లియర్?"

"ఎలీషా గారు ఇచ్చినా చెల్లదు. యోహాను నుంచి చార్జి తీసుకుంటే తప్ప మనం లేవరాదు."

ఆ మాట వరసల వెంట పాకింది. ఎవరో "అమ్మో నా నడుం" అన్నారు.

"అయితే యోహాను గారిని రిలీవ్ చెయ్యండి," అన్నారు టీచర్ గారు. గొంతు పెంచలేదు. పాఠం చెప్పినట్టే చెప్పారు. "సైరన్ మోగించిన క్షణం నుంచి ఈ రోజు వరకూ విధుల్లోనే ఉన్నాడని రాయండి. విధుల్లో ఉంటూ పోయాడని రాయండి. నాన్న తరఫున చార్జి నేనిస్తాను. అంతవరకూ నాకు తొందరేం లేదండీ. నేను ఆపరేటరు సహాయకురాలినే కదా, నిలబడగలను."

"కానీ విశ్వపతి గారూ, నేను సంతకం పెడితే చెల్లుతుందా? నేనసలు పుట్టనే లేదన్నారు కదా?" అని అడిగారు కమిషనర్ గారు.

విశ్వపతి గారి కళ్ళలో అంతటి ఆపదలోనూ ఒక వెలుగు కనబడింది. "తమరు ఇప్పుడు బోర్లా పడుకుని ఉన్నారు, సార్. నియమం పాటిస్తూ ఉన్నారు. ఈ డెబ్బై అయిదేళ్ళలో ఈ ఆఫీసు నుంచి చెల్లుబాటయ్యే మొదటి ఉత్తర్వు ఇదే అవుతుంది."

కమిషనర్ గారు పెన్ను అడిగారు. ఆహ్వానపత్రం వెనక విశ్వపతి గారు పడుకునే రాశారు, కమిషనర్ గారు పడుకునే సంతకం చేశారు. నేనూ పక్కన పడుకుని ముద్ర వేశాను. ఈసారి వేలి మీద పడలేదు. తర్వాత విశ్వపతి గారు పాత రిజిస్టరులోంచి చార్జి జాబితా చదివారు.

"కుర్చీ ఒకటి. మట్టి కూజా ఒకటి. గోడ గడియారం ఒకటి. ఇవి ఉన్నాయా అమ్మా?"

"లేవండీ."

విశ్వపతి గారి పెన్ను ఒక్క క్షణం ఆగింది. "ఆపరేటరుతో పాటు దాడిలో పోయినవి," అని పైకి చదువుతూ రాసుకున్నారు.

మా ఆఫీసు ఆ సంగతి ఒప్పుకోవడం అదే మొదలు. టీచర్ గారు మైకు రాడ్డుని గట్టిగా పట్టుకున్నారు.

"మరి రాయి?" అన్నారు.

గుమ్మంలోంచి అప్పన్న గొంతు వినబడింది. అతను నియమం ప్రకారం గుమ్మానికి అడ్డంగా పడుకుని ఉన్నాడు. "అడుగున జానెడు జాగా ఉన్నాదమ్మా. సెక్కినోడు బయటే బీడీ కాలుస్తన్నాడు. అతగాడు హాల్లోకి రాలేదు కాబట్టి నిలబడే ఉన్నాడు. పేరు సెప్పీమంటారా?"

"చెప్పు," అని నేల మీంచి కమిషనర్ గారు.

"బల్లా యోహాను," అన్నారు టీచర్ గారు. "బ కింద ల వత్తు కాదు, ల కింద ల. సరిగ్గా చెక్కమను."

వచ్చి పియానో ముందు కూర్చున్నారు. చార్జి కాగితం మీద సంతకం చేసి నాకిచ్చారు.

పియానో మీద ఒక స్వరం నొక్కి పట్టుకుంటే కాసేపటికి చచ్చిపోతుంది. రెండు నిమిషాలు ఎడతెగకుండా పలకడం ఒక్క పియానోకి సాధ్యం కాదు. నాది సన్నగిల్లబోతుంటే టీచర్ గారు అదే స్వరం అందుకున్నారు. ఆవిడది తగ్గబోతుంటే నేను. ఒకరి తర్వాత ఒకరం. మధ్యలో సందు లేదు. సిస్టర్ ఖాళీగా వదిలిన రెండు పేజీలు ఎందుకు వదిలిందో నాకప్పుడు తెలిసింది. రెండు పియానోలకి ఎందుకు రాసిందో కూడా.

బయటినుంచి ఉలి చప్పుడు మొదలైంది. టక్. టక్. టక్. మాకు తాళం దొరికింది.

రెండు నిమిషాలు అయిపోయినట్టు విశ్వపతి గారు గడియారం చూసి చెయ్యి ఎత్తారు. టీచర్ గారు ఆపలేదు. నేనూ ఆపలేదు. నియమం రెండు నిమిషాలే అయినా, ఉలి ఆగేదాకా వాయించాం. అంతసేపూ ఒక్కరు కూడా లేవలేదు. చెవుల్లో దూది మాత్రం ఒక్కొక్కరే తీసేసుకున్నారు.

ఉలి ఆగింది. మేం ఆపాం. నాలుగు వందల మంది మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, ఒకరినొకరు లేవదీసుకుంటూ నిలబడ్డారు. కమిషనర్ గారు ఎడం బుగ్గ మీద తివాచీ పువ్వు అచ్చుతో వెళ్ళి తెర తీశారు. పంతొమ్మిది పేర్లు. ఆఖరి పేరు మీద ఇంకా రాతి పొడి ఉంది. టీచర్ గారు పమిట చెంగుతో తుడిచారు. అర్జీ ఆవిడ సంచీలోనే ఉండిపోయింది.

మేం వెనక్కి వచ్చేసరికి విశ్వపతి గారు హాల్లో ఒంటరిగా, అలవాటు ప్రకారం నిలబడి, రిజిస్టరు పూర్తి చేస్తున్నారు. ఖాళీ గడిలో ఆల్ క్లియర్ వేళ వేశారు. పక్కన ఇంకో గడి ఉంది: ఆలస్యమైతే కారణం. దాని ముందు చాలాసేపు ఆగారు. ఆయన జీవితంలో ఏ రిజిస్టరులోనూ అబద్ధం రాయలేదు. ఆ పేరు ఆయనకుంది.

ఆయన రాసి వెళ్ళిపోయాక నేను వంగి చదివాను.

"ఆపరేటరు విధులలోనే ఉన్నాడు. కార్యాలయము గైర్హాజరు."